రాజోలులో ఒక కిలో ఎంత బలం?

కోనసీమలోని రాజోలు దీవి పొలాలకు గోదావరి కాలువ నీరు అందాలంటే ముందు గోదావరినే దాటాలి. ధవళేశ్వరం దగ్గర బయల్దేరిన కాలువ మధ్య డెల్టా గుండా గన్నవరం చేరి, అక్కడ వైనతేయ పాయను పైనుంచి దాటి దీవిలో అడుగుపెడుతుంది. కింద నది, దాని మీద కాలువ. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. దాన్ని కట్టించిన సర్ ఆర్థర్ కాటన్ కాలంలోనే గన్నవరం దగ్గర 49 కమానుల మీద కట్టిన అక్విడక్టు సుమారు ఒకటిన్నర శతాబ్దం ఆ నీటిని మోసింది. 2000లో దాని బాధ్యతను కాంక్రీటు అక్విడక్టు అందుకుంది. ఆకలితో వచ్చినవాళ్లను కాదనకుండా అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ గారి పేరు దానికి పెట్టారు.

పాత కమానులు మోసిందీ, కొత్త కాంక్రీటు మోస్తున్నదీ అదే కాలువ నీరు. లెక్క కట్టిన ఇంజినీర్లు వాడిన కొలతలు మాత్రం వేరు. కాటన్ కాలం వాళ్లు అడుగుల్లో పొడవు, పౌండ్లలో టన్నుల్లో బరువు లెక్కించారు. నేటివాళ్లు మీటర్లలో, కిలోన్యూటన్లలో లెక్కిస్తారు. కమాను మీద నీరు మోపే బలం కొలత పేరు మారిందని మారదు. మారేది అంకె ఒక్కటే. ఒక అంకె నుంచి ఇంకో అంకెకు తప్పు లేకుండా వెళ్లడం ఎలాగో ఈ అధ్యాయంలో చూద్దాం.

చాలామంది దీన్ని గుణకారం అనుకుంటారు. పట్టికలో సంఖ్య వెతికి, కాలిక్యులేటర్‌లో కొట్టి, జవాబు రాసేస్తారు. గుణకారం చివరి మెట్టు మాత్రమే. మొదటి మెట్టు ఒక ప్రశ్న: మన చేతిలో ఉన్న అంకె ద్రవ్యరాశిదా, బలానిదా? దీనికి జవాబు దొరికితే మిగతాదంతా బడిపిల్లల లెక్క. దొరకకపోతే గుణకారం ఎంత సరిగ్గా చేసినా ఫలితం తప్పే.

కాటా ఏం కొలుస్తుంది?

రొయ్యలు తూచే చోటికి వెళ్దాం. పాత రోజుల తక్కెడలో ఒక పళ్లెంలో సరుకు, రెండో పళ్లెంలో తూకపు రాళ్లు పెట్టేవారు. భూమి రెండు పళ్లాలనూ ఒకేలా లాగుతుంది కాబట్టి ముల్లు మధ్యలో నిలిస్తే రెండు వైపులా ఉన్న పదార్థం సమానమని అర్థం. ఈ పదార్థపు మొత్తమే ద్రవ్యరాశి. దాని కొలత కిలోగ్రాము. తక్కెడను రాజోలులో పెట్టినా, హిమాలయాల మీద పెట్టినా, చంద్రుడి మీద పెట్టినా అదే ఫలితం చెబుతుంది.

స్ప్రింగు కాటా అలా కాదు. కొక్కేనికి తగిలించిన చేపను భూమి కిందికి లాగితే స్ప్రింగు సాగుతుంది. ఎంత సాగిందో చూసి ముల్లు అంకె చూపిస్తుంది. అంటే అది కొలిచేది భూమి లాగే బలాన్ని. అద్దం మీద 'కేజీ' అని రాసి ఉన్నా, లోపల కొలిచింది మాత్రం బలమే. నేటి ఎలక్ట్రానిక్ కాటాలు కూడా ఎక్కువగా ఈ జాతివే. పళ్లెం కింద లోడ్‌సెల్ అనే లోహపు ముక్క ఉంటుంది. బరువు పడినప్పుడు అది కంటికి కనబడనంత వంగుతుంది, ఆ వంపు విద్యుత్ సంకేతంగా మారుతుంది. సంకేతాన్ని కిలోలుగా చూపించడానికి ఆ యంత్రానికి ముందే ఒక ప్రామాణిక తూకంతో సర్దుబాటు చేసి ఉంచుతారు.

ఆ సర్దుబాటు ఏ ఊళ్లో చేశారన్నది ముఖ్యం. ఎందుకంటే భూమి అన్ని చోట్లా ఒకే బలంతో లాగదు. భూమి తన చుట్టూ తాను తిరుగుతోంది, నడుము దగ్గర కాస్త ఉబ్బి ఉంది. అందువల్ల ధ్రువాల దగ్గర గురుత్వ త్వరణం సెకనుకు సెకనుకు 9.832 మీటర్లు ఉంటే, భూమధ్యరేఖ దగ్గర 9.780 మాత్రమే. రాజోలు సుమారు పదహారున్నర డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద, సముద్ర మట్టానికి దాదాపు సమానంగా ఉంది. అక్షాంశాన్ని బట్టి లెక్కిస్తే ఇక్కడ గురుత్వ త్వరణం 9.784 వస్తుంది. ఢిల్లీలో అది సుమారు 9.791.

తేడా చిన్నదే. కానీ ఢిల్లీలో సర్దిన కాటాను అలాగే తెచ్చి రాజోలులో పెడితే 100 కిలోల సరుకు మీద సుమారు 70 గ్రాములు తక్కువ చూపిస్తుంది. పది గ్రాముల బంగారం మీద 7 మిల్లీగ్రాములు తగ్గుతాయి. మిల్లీగ్రాము దాకా చూపించే కంసాలి కాటాలో ఇది స్పష్టంగా కనబడుతుంది. అందుకే అలాంటి కాటాను వాడే చోటనే ప్రామాణిక తూకంతో సరిచూడాలి. ఆ తూకపు రాయి ద్రవ్యరాశి ఎక్కడికి తీసుకెళ్లినా మారదు కాబట్టి, దాని మీద స్థానికంగా పనిచేసే బలంతోనే కాటాకు కొత్తగా లెక్క నేర్పుతాం.

న్యూటన్ అంటే ఎంత?

1687లో వచ్చిన ప్రిన్సిపియాలో ఐజాక్ న్యూటన్ చెప్పిన రెండో నియమమే బలానికి కొలతనిచ్చింది. బలం ద్రవ్యరాశిని త్వరణంతో గుణించినదానికి సమానం. ఒక కిలో ద్రవ్యరాశి ఉన్న వస్తువు వేగాన్ని ప్రతి సెకనుకూ సెకనుకు ఒక మీటరు చొప్పున పెంచాలంటే ఎంత బలం కావాలో అదే ఒక న్యూటన్. ఆ పేరును 1948లో తూనికలు కొలతల అంతర్జాతీయ మహాసభ ఖరారు చేసింది.

ఈ నిర్వచనంలో భూమి ప్రస్తావన లేదని గమనించండి. గురుత్వాకర్షణ లేదు, కాటా లేదు, ఊరి పేరు లేదు. కిలో, మీటరు, సెకను మాత్రమే ఉన్నాయి. అందుకే న్యూటన్ రాజోలులోనూ, అంగారకుడి మీదా ఒకటే.

శీర్షికలో అడిగిన ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెప్పవచ్చు. రాజోలులో ఒక కిలో వస్తువును భూమి లాగే బలం:

1 కిలో × 9.784 = 9.784 న్యూటన్లు.

తిరగేసి చూస్తే, ఇక్కడ సుమారు 102 గ్రాముల వస్తువును అరచేతిలో నిలబెట్టడానికి ఒక న్యూటన్ బలం కావాలి.

ఏ ఊరిదీ కాని 9.80665

ఇంజినీర్లు చాలాకాలం న్యూటన్లతో పని లేకుండా గడిపారు. కిలో ద్రవ్యరాశిని భూమి లాగే బలాన్నే ఒక ప్రమాణంగా పెట్టుకుని దాన్ని కిలోగ్రాము-భారం అన్నారు. తూకపు రాయిని వేలాడదీస్తే చాలు, ప్రమాణం చేతిలో ఉన్నట్టే కాబట్టి అది చాలా అనువైనది. ఇబ్బంది అల్లా, ఏ ఊరి కిలో-భారం తీసుకోవాలన్నదే. పారిస్‌లో వేలాడే కిలో, రాజోలులో వేలాడే కిలో కంటే తాడును కాస్త ఎక్కువ లాగుతుంది.

1901లో పారిస్‌లో జరిగిన మూడో మహాసభ ఈ తగవు తీర్చింది. కిలోగ్రాము ద్రవ్యరాశికి ప్రమాణమని, భారం అనేది బలం జాతిదని స్పష్టంగా ప్రకటించింది. లెక్కలకు వాడే ప్రామాణిక గురుత్వ త్వరణం 9.80665 అని తీర్మానించింది. సముద్ర మట్టం దగ్గర 45 డిగ్రీల అక్షాంశానికి అప్పట్లో అంచనా కట్టిన విలువ అది. తర్వాతి కొలతల్లో అక్కడి అసలు విలువ కొద్దిగా వేరని తేలినా, ఆ సంఖ్యను మార్చలేదు. మార్చాల్సిన అవసరమూ లేదు. అది ప్రపంచం ఒప్పుకున్న ఒప్పందం. కాబట్టి:

1 కిలో-భారం = 9.80665 న్యూటన్లు. ఇది కచ్చితం, ఇందులో కొలత దోషం లేదు.

రాజోలులో వేలాడే ఒక కిలో వస్తువు తాడును 9.784 న్యూటన్లతో లాగుతుంది. దాన్ని 9.80665తో భాగిస్తే 0.9977 కిలో-భారం వస్తుంది. అంటే కోనసీమలో ఒక కిలో ద్రవ్యరాశి భారం పూర్తి ఒక కిలో-భారం కాదు. వెయ్యిలో రెండు పాళ్లకు కాస్త ఎక్కువే తక్కువ. వంతెనకు ఈ తేడా లెక్కలోకి రాదు, ప్రయోగశాలలో వస్తుంది. ఎక్కడ పట్టించుకోవాలో ఎక్కడ వదిలేయాలో తెలియాలన్నా ముందు ఆ తేడా ఉందని తెలియాలి.

బలం కొలతల కుటుంబం

పాత పుస్తకాల్లో, యంత్రాల ప్లేట్ల మీద, కంపెనీల కరపత్రాల్లో కనబడే ప్రమాణాలు మరికొన్ని ఉన్నాయి.

డైన్: ఒక గ్రాము ద్రవ్యరాశికి సెకనుకు సెకనుకు ఒక సెంటీమీటరు త్వరణాన్నిచ్చే బలం. చాలా చిన్నది. లక్ష డైన్లు కలిస్తే ఒక న్యూటన్. కిలోలో వెయ్యి గ్రాములు, మీటరులో వంద సెంటీమీటర్లు. వెయ్యిని వందతో గుణిస్తే లక్ష. దీన్ని బట్టీ పట్టక్కర్లేదు.

పౌండు-భారం: 1959లో ఇంగ్లీషు వాడే ఆరు దేశాలు పౌండును 0.45359237 కిలో అని కచ్చితంగా నిర్ణయించుకున్నాయి. దాన్ని 9.80665తో గుణిస్తే పౌండు-భారం 4.448 న్యూటన్లని తేలుతుంది.

పౌండల్: ఒక పౌండు ద్రవ్యరాశికి సెకనుకు సెకనుకు ఒక అడుగు త్వరణాన్నిచ్చే బలం. 0.138 న్యూటన్. పాత భౌతికశాస్త్ర పుస్తకాల్లో తప్ప ఇప్పుడు దాదాపు కనబడదు.

టన్ను-భారం: ఎక్కువ జాగ్రత్త ఇక్కడే కావాలి. టన్నులు మూడు. బ్రిటిష్ టన్ను 2,240 పౌండ్లు, దాని భారం 9.964 కిలోన్యూటన్లు. అమెరికన్ టన్ను 2,000 పౌండ్లు, అంటే 8.896 కిలోన్యూటన్లు. మెట్రిక్ టన్ను వెయ్యి కిలోలు, 9.807 కిలోన్యూటన్లు. అమెరికా నుంచి వచ్చిన యంత్రం మీద '50 టన్నులు' అని ఉంటే అది మన 45 టన్నుల పైచిలుకు మాత్రమే కావచ్చు. మన 50 టన్నులనుకుని బరువెత్తితే గొలుసు తెగడానికి ఆ తేడా చాలు.

మన పెద్దలకూ సొంత తూకాలుండేవి. 120 తులాలు ఒక వీశ, 8 వీశలు ఒక మణుగు, 20 మణుగులు ఒక బారువ. వీశ సుమారు 1.4 కిలోలు, మణుగు 11.2 కిలోలు, బారువ 224 కిలోలు. 1956 చట్టంతో దేశమంతా మెట్రిక్ తూకాలకు మళ్లడం మొదలైంది. 1958 అక్టోబరు నుంచి కిలోలు విడతలు విడతలుగా బజార్లలోకి వచ్చాయి. వీశ, మణుగు ద్రవ్యరాశి కొలతలు. వాటిని న్యూటన్లలోకి తేవాలంటే ముందు కిలోలు చేసి, ఆ తర్వాత గురుత్వ త్వరణంతో గుణించాలి. రెండు మెట్లు. పౌండు-భారాన్ని న్యూటన్లుగా మార్చాలంటే ఒకటే మెట్టు, ఎందుకంటే అది అప్పటికే బలం. ఈ రెండు దారులను కలిపేసినప్పుడే 9.8 ఒకసారి ఎక్కువ పడటమో, అసలు పడకపోవడమో జరుగుతుంది. జవాబు దాదాపు పదింతలు అటో ఇటో పోతుంది.

కమాను మీద నీళ్లు

ఇప్పుడు గన్నవరం అక్విడక్టుకు తిరిగొచ్చి ఒక లెక్క చేద్దాం. పాత అక్విడక్టులో ఒక్కో కమాను వెడల్పు 40 అడుగులు. దాని మీద కాలువ నీరు 4 అడుగుల లోతు ఉందనుకుందాం. కాలువలో అడుగు వెడల్పు పట్టీని మాత్రమే తీసుకుంటే నీటి ఘనపరిమాణం 40 × 4 × 1 = 160 ఘనపుటడుగులు. ఒక ఘనపుటడుగు నీరు 62.4 పౌండ్లు. మొత్తం 9,984 పౌండ్లు. కాటన్ కాలపు ఇంజినీరు దీన్ని 2,240తో భాగించి, అడుగు పట్టీకి నాలుగున్నర టన్నుల దాకా బరువు పడుతుందని రాసుకునేవాడు.

దీన్ని న్యూటన్లలోకి తెచ్చే పద్ధతి ఇది. ఏ సంఖ్యనైనా ఒకటితో గుణిస్తే విలువ మారదు. 4.448 న్యూటన్లు, ఒక పౌండు-భారం సమానం కాబట్టి '4.448 న్యూటన్లు ÷ 1 పౌండు-భారం' అనే భిన్నం విలువ ఒకటే. దానితో గుణిస్తే పైన ఉన్న పౌండు-భారం, కింద ఉన్న పౌండు-భారం కొట్టివేతకు వెళ్తాయి, న్యూటన్ మిగులుతుంది.

9,984 పౌండు-భారం × 4.448 = 44,410 న్యూటన్లు, అంటే 44.4 కిలోన్యూటన్లు.

మార్పిడి సరిగ్గా జరిగిందా అన్న పరీక్ష ఈ కొట్టివేతలోనే ఉంది. చివర మీకు కావలసిన ప్రమాణం ఒక్కటే మిగలాలి. ఇంకేదైనా మిగిలిందంటే భిన్నాన్ని తలకిందులుగా పెట్టారన్నమాట.

అదే నీటిని మెట్రిక్ దారిలో లెక్కిద్దాం. 9,984 పౌండ్ల నీరంటే 4,529 కిలోలు. రాజోలు దీవి గురుత్వ త్వరణంతో గుణిస్తే 4,529 × 9.784 = 44,310 న్యూటన్లు. మొదటి జవాబుకూ దీనికీ సుమారు 100 న్యూటన్ల తేడా ఉంది. ఎక్కడా తప్పు జరగలేదు. మొదటిది ఒప్పందపు 9.80665తో వచ్చింది, రెండోది ఈ నేల అసలు లాగుడుతో వచ్చింది. 44 వేలలో వంద తేడా కట్టడానికి లెక్కలోకి రాదు. ఇంజినీర్లు భద్రత కోసం అంతకు ఎన్నో రెట్లు అదనపు బలాన్ని కట్టడంలో ఉంచుతారు.

పీడనంలో దాగిన బలం

రాజోలులో పంక్చరు షాపు దగ్గర గాలి పట్టేవాళ్లు 'ముప్పై' అంటారు. అది 30 పీఎస్ఐ, అంటే ప్రతి చదరపు అంగుళానికి 30 పౌండు-భారం. అదే 2.1 కిలో-భారం ప్రతి చదరపు సెంటీమీటరుకు, లేదా 207 కిలోపాస్కళ్లు. పాస్కల్ అంటే చదరపు మీటరుకు ఒక న్యూటన్. పీడనం కొలతల్లో ప్రతిదాని లోపలా ఒక బలం కొలత ఉంది. కాబట్టి పీడనం మార్చేటప్పుడు బలాన్నీ వైశాల్యాన్నీ రెంటినీ మార్చాలి.

ఈ లెక్క కోనసీమకు చాలా దగ్గరిది. కృష్ణా-గోదావరి బేసిన్‌లో ఓఎన్‌జీసీ బావులు, గొట్టాలు ఈ కొబ్బరి తోటల మధ్యే ఉన్నాయి. తాటిపాకలో దాని చిన్న రిఫైనరీ ఉంది. 1995 జనవరి 8న పాశర్లపూడి దగ్గర తవ్వుతున్న బావి అదుపు తప్పి అంటుకుంది. ఆ మంట 65 రోజులు ఆరలేదు. ఆ బ్లోఅవుట్‌ను ఇక్కడి పెద్దవాళ్లు మరచిపోలేదు.

నేల లోతున పీడనం ఎంతుంటుందో చూద్దాం. 2,700 మీటర్ల లోతు బావి నిండా మామూలు నీరుందనుకోండి. అడుగున పీడనం 1,000 × 9.784 × 2,700, అంటే 264 లక్షల పాస్కళ్లు, 26.4 మెగాపాస్కళ్లు. పాత మెట్రిక్‌లో చదరపు సెంటీమీటరుకు 269 కిలో-భారం. బావుల మీద పనిచేసేవాళ్లు వాడే భాషలో సుమారు 3,830 పీఎస్ఐ. అయిదు అంగుళాల వ్యాసం ఉన్న రంధ్రం వైశాల్యం 19.6 చదరపు అంగుళాలు. దాని మీద ఆ పీడనం 75,200 పౌండు-భారం బలం చూపిస్తుంది. న్యూటన్లలో 334 కిలోన్యూటన్లు, మెట్రిక్‌లో 34 టన్నుల భారం. లోపలి గ్యాసు పీడనం నీటి స్తంభం కంటే ఎక్కువైతే నీరు దాన్ని ఆపలేదు. అందుకే తవ్వేటప్పుడు బావిలో నీటికంటే బరువైన బురద నింపుతారు. ఆ బరువు కోసం కలిపే బెరైటీస్ ఖనిజానికి కడప ప్రాంతంలోని మంగంపేట ప్రపంచంలోనే పేరున్న గని. బావి నోటి దగ్గర అడ్డుకునే కవాటాలు 5,000, 10,000, 15,000 పీఎస్ఐ తరగతుల్లో వస్తాయి. వీటిలో ఏ అంకెనైనా ఇంకో ప్రమాణంలో ఉందనుకుంటే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

ఇల్లు కట్టేటప్పుడూ ఇదే. మన దేశపు కాంక్రీటు ప్రమాణ గ్రంథం ఐఎస్ 456 పాత ముద్రణలో ఎం 150 అనే తరగతి ఉండేది. చదరపు సెంటీమీటరుకు 150 కిలో-భారం తట్టుకునే కాంక్రీటు అది. 1978 ముద్రణ న్యూటన్లకు మారింది. అదే కాంక్రీటు ఎం 15 అయింది, అంటే చదరపు మిల్లీమీటరుకు 15 న్యూటన్లు. పేరులో అంకె పదోవంతుకు తగ్గింది, కాంక్రీటు బలం తగ్గలేదు. కచ్చితంగా లెక్కిస్తే చదరపు సెంటీమీటరుకు 150 కిలో-భారం చదరపు మిల్లీమీటరుకు 14.7 న్యూటన్లవుతుంది, దాన్ని 15గా స్థిరపరిచారు. అలాగే ఇనుప దుకాణంలో అడిగే 500 తరగతి ఊచ అంటే చదరపు మిల్లీమీటరుకు 500 న్యూటన్ల దాకా శాశ్వతంగా సాగని ఉక్కు. 12 ఎంఎం ఊచ అడ్డుకోత వైశాల్యం 113 చదరపు మిల్లీమీటర్లు. ఆ ఊచ 56,500 న్యూటన్లు, అంటే 5.76 టన్నుల భారం దాకా లాగుడును తట్టుకుంటుంది.

తుపాను గాలి

1996 నవంబరు 6 రాత్రి కాకినాడకు దక్షిణాన తీరం దాటిన తుపాను కోనసీమ కొబ్బరి తోటలను నేలమట్టం చేసింది. గాలి ఎంత బలంతో తోస్తుందో చెప్పే సూత్రం మన భవన ప్రమాణాల్లో ఉంది. చదరపు మీటరుకు న్యూటన్లలో గాలి పీడనం = 0.6 × వేగం × వేగం. ఇందులో వేగం సెకనుకు మీటర్లలో ఉండాలి.

గంటకు 180 కిలోమీటర్ల గాలి అంటే సెకనుకు 50 మీటర్లు. పీడనం 0.6 × 50 × 50 = 1,500 న్యూటన్లు ప్రతి చదరపు మీటరుకు. కిలో-భారంలో 153. రెండు మీటర్ల ఎత్తు, ఒక మీటరు వెడల్పు ఉన్న తలుపు మీద 306 కిలో-భారం. నలుగురు పెద్దవాళ్లు కలిసి ఆ తలుపు మీద నిలబడితే పడే భారం కంటే ఎక్కువ. ఆ గాలి వీచినంతసేపూ ఆ బలం తలుపును తోస్తూనే ఉంటుంది.

ఇక్కడ 0.6 ఉత్త సంఖ్యలా కనబడుతుంది, కానీ దాని లోపల గాలి సాంద్రత ఉంది, కొలతల ఒప్పందమూ ఉంది. వేగం స్థానంలో 50కి బదులు 180 వేస్తే 19,440 వస్తుంది. అసలు బలానికి దాదాపు పదమూడు రెట్లు. ఏ సూత్రంలోనైనా సంఖ్యలు వేసే ముందు ప్రతిదానికీ ప్రమాణం రాసుకోవడం ఎందుకో ఇది చెబుతుంది.

రాలే కొబ్బరికాయ

కిలో అనే మాటను బలానికి వాడినప్పుడు వచ్చే అసలు గందరగోళం రాలే వస్తువుల దగ్గర బయటపడుతుంది. పీచుతో సహా 1.2 కిలోల కొబ్బరికాయ చెట్టుకు వేలాడుతున్నప్పుడు దాని తొడిమ మీద పడే బలం 11.7 న్యూటన్లు. పదిహేను మీటర్ల ఎత్తు నుంచి అది రాలితే నేలను తాకేటప్పటికి దాని దగ్గర 11.7 × 15, అంటే సుమారు 176 జౌళ్ల శక్తి ఉంటుంది. ఆ శక్తంతా అయిదు సెంటీమీటర్ల దూరంలో ఆగిపోవాలంటే సగటు బలం 176 ÷ 0.05 = 3,520 న్యూటన్లు. అంటే 359 కిలో-భారం.

కాయ ద్రవ్యరాశి మారలేదు. పైనున్నప్పుడూ 1.2 కిలోలే, కిందపడ్డాకా 1.2 కిలోలే. మూడు వందల రెట్లు పెరిగింది బలం. 'కిలోన్నర కూడా లేని కాయ, ఏం చేస్తుంది?' అనే మాట ఎందుకు ప్రమాదకరమో ఈ లెక్క చూపిస్తుంది. ఆగే దూరం పెరిగితే బలం తగ్గుతుంది. ఇసుకలో పది సెంటీమీటర్లు దిగబడితే 1,760 న్యూటన్లే. తలకు హెల్మెట్ చేసే మేలూ ఇదే: ఆగే దూరాన్ని కొద్దిగా పెంచుతుంది.

అంగారకుడి దగ్గర జరిగింది

1998 డిసెంబరు 11న అమెరికా మార్స్ క్లైమేట్ ఆర్బిటర్‌ను పంపింది. దారిలో చిన్న థ్రస్టర్లు అప్పుడప్పుడూ మండుతూ నౌకను సరిదిద్దేవి. ప్రతిసారీ ఎంత తోపు పడిందో భూమి మీద ఒక సాఫ్ట్‌వేర్ లెక్కించి ఇచ్చేది. అది పౌండు-భారం-సెకన్లలో ఇచ్చింది. దారి లెక్కించే బృందం వాటిని న్యూటన్-సెకన్లుగా తీసుకుంది. ప్రతి అంకే అసలు బలంలో 4.45వ వంతుగా లెక్కలోకి వెళ్లింది. ఒక్కో తప్పు చిన్నది, తొమ్మిది నెలల్లో అవి కూడుతూ పోయాయి. 1999 సెప్టెంబరు 23న గ్రహం మీదుగా 226 కిలోమీటర్ల ఎత్తున వెళ్లాల్సిన నౌక సుమారు 57 కిలోమీటర్ల ఎత్తుకు దిగిపోయి నాశనమైంది. అక్కడ గుణకారంలో తప్పు లేదు. అంకె పక్కన ఉండాల్సిన ప్రమాణం ఒక బృందం నుంచి ఇంకో బృందానికి చేరలేదు.

పదిహేనేళ్ల తర్వాత, 2013 నవంబరు 5న శ్రీహరికోట నుంచి బయల్దేరిన మంగళయాన్ 2014 సెప్టెంబరు 24న అంగారకుడి కక్ష్యలో చేరింది. ఆ ఉదయం దాన్ని నెమ్మదింపజేసిన ప్రధాన ఇంజిన్ పేరే 440 న్యూటన్ల ఇంజిన్. కిలో-భారంలో చెబితే 44.9, పౌండు-భారంలో 98.9. నలభై అయిదు కిలోల మూటను రాజోలులో ఎత్తి పట్టుకోవడానికి పట్టే బలం అంతే. అంత కొద్ది బలాన్ని సుమారు 24 నిమిషాలు ఎడతెగకుండా ప్రయోగించి ఆ నౌకను గ్రహానికి కట్టిపడేశారు. బలం విలువను పేరులోనే ప్రమాణంతో సహా పెట్టుకున్న ఇంజిన్ అది.

మీరే చేసి చూడండి

ఒకటి. అయిదు మణుగుల కురిడీ కొబ్బరి బస్తాను రాజోలులో తాడుకు వేలాడదీశారు. తాడు మీద బలం ఎన్ని న్యూటన్లు? మణుగు ద్రవ్యరాశి కాబట్టి రెండు మెట్లు: 5 × 11.2 = 56 కిలోలు; 56 × 9.784 = 548 న్యూటన్లు.

రెండు. ఒక జాకీ మీద '20 టన్నులు' అని ఉంది. అది మెట్రిక్ టన్నయితే 196 కిలోన్యూటన్లు, అమెరికన్ టన్నయితే 178. తయారీదారు ఏది ఉద్దేశించాడో తెలియనప్పుడు చిన్న అంకెనే నమ్ముకోవాలి.

మూడు. ఒక ఇంజిన్ టార్కు 1.1 కిలో-భారం-మీటరు అని పాత కరపత్రంలో ఉంది. ఇది బలం ఉన్న కొలత కాబట్టి ఒకటే మెట్టు: 1.1 × 9.80665 = 10.8 న్యూటన్-మీటర్లు. ఇచ్చిన అంకెలో రెండే అంకెలున్నాయి గనుక జవాబును 10.787315 అని సాగదీయడం అర్థం లేని కచ్చితత్వం. నిజానికి 11 అని రాసినా తప్పు లేదు.

నాలుగోది మీ ఊళ్లోనే చేయాలి. పంపుసెట్టు, లిఫ్టు, క్రేను, ధాన్యం కాటా, లారీ టైరు, గ్యాసు సిలిండరు, ఇలా అంకె ఉన్న ప్రతి ప్లేటునూ చదవండి. పక్కన 'కేజీ' అని ఉన్న ప్రతిచోటా ఒక కాగితం మీద రెండు గడులు గీసి, అది ద్రవ్యరాశా బలమా తేల్చి రాయండి. సిలిండరు మీద గ్యాసు కేజీలు ద్రవ్యరాశి. పీడనం మీటరు మీద చదరపు సెంటీమీటరుకు కేజీలు బలం. లిఫ్టులో రాసిన కేజీలు మనుషుల ద్రవ్యరాశి, ఆ లిఫ్టు తాడు తయారీదారు ఇచ్చే కిలోన్యూటన్లు బలం. ఈ విభజన చేయడం అలవాటైన విద్యార్థికి మార్పిడి పట్టిక ఎదురుగా లేకపోయినా ఫర్వాలేదు, 9.80665, 4.448 అనే రెండు సంఖ్యలు గుర్తుంటే చాలు. అలవాటు లేనివాళ్ల దగ్గర వంద సంఖ్యల పట్టిక ఉన్నా అది కాపాడదు.